వంద గౌన్ల మీద మా ఇంటి తీర్పులు

మా ఇంట్లో ఏ పుస్తకమైనా భోజనాల బల్ల మీదికి చేరిందంటే దానికి గ్రహచారం పట్టిందన్నమాటే. పులుసు మరకల సంగతి అట్లా ఉంచండి. చదివినవాళ్ళు, చదవనివాళ్ళు, అట్టమీది బొమ్మ మాత్రమే చూసినవాళ్ళు కూడా తలా ఒక తీర్పు చెప్పందే కంచం ముందునుంచి లేవరు. తెలుగు ఎమ్మే చదివి, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నదాన్ని గదా అని నాకు ఆ బల్ల దగ్గర ప్రత్యేకమైన మర్యాదేమీ లేదు. "నువ్వు మార్కులు వేసే మనిషివి, నీ మాట వేరు" అంటారు మావారు. అది పొగడ్తో కాదో నేనింతవరకూ తేల్చుకోలేదు.

మొన్న వేసవిలో ఆ బల్ల మీదికి వచ్చిన పుస్తకం 'ది హండ్రెడ్ డ్రెసెస్'. అంటే వంద గౌనులు. మా అమ్మాయి తొమ్మిది గట్టెక్కి పదిలోకి వచ్చింది. స్నేహితురాలి అక్క ఎవరో పాత పుస్తకాలు ఇచ్చేస్తుంటే వాటిలో ఇదీ వచ్చింది. కేంద్ర బోర్డు పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో కొన్నేళ్ళపాటు ఈ కథను కుదించి రెండు పాఠాలుగా పెట్టారు కనక మన పిల్లల్లో చాలామందికి పరిచయమైనదే. అయితే పరీక్షకు చదివినవాళ్ళకు ప్రశ్నలూ జవాబులూ గుర్తుంటాయిగాని, కథ గుర్తుండదు.

తెలియనివారికోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో ఒక చిన్న ఊరి బడి. పదమూడో నంబరు గది. వాండా పెట్రాన్‌స్కీ అనే పిల్ల వెనక వరసలో ఒక మూల కూర్చుంటుంది. పోలెండునుంచి వచ్చి స్థిరపడ్డ పేద కుటుంబం, తల్లి లేదు. ఊరికి దూరంగా, మిట్టమీద ఇల్లు. రోజూ అదే గౌను, వెలిసిపోయిన నీలం గౌను. ఉతికే ఉంటుంది, ఇస్త్రీ మాత్రం సరిగా ఉండదు. పేరేమో అక్కడి పిల్లలకు నోరు తిరగదు. ఒకరోజు కొత్త గౌను తొడుక్కొచ్చిన పిల్ల చుట్టూ అందరూ మూగి మురిసిపోతుంటే, ఈ పిల్ల మెల్లిగా చేరి, "మా ఇంట్లో నాకు వంద గౌన్లున్నాయి" అన్నది. ఇక చూడండి! అది మొదలు రోజూ బడి ముందు అదే ఆట. "ఎన్ని గౌన్లు? అన్నీ పట్టువేనా? జోళ్ళెన్ని జతలు?" అడిగేది పెగ్గీ, క్లాసులో అందరూ మెచ్చే పిల్ల. పక్కన నిలబడేది మాడీ. మాడీ కూడా పేదపిల్లే. పెగ్గీ విడిచిన గౌన్లను వాళ్ళమ్మ మార్చి కుడితే తొడుక్కునే పిల్ల. అందుకే ఆమెకు ఆ ఆట నచ్చదు, అందుకే నోరెత్తదు. ఇక చాలించమని పెగ్గీకి ఒక చీటీ రాయబోయి, సగంలో చింపేస్తుంది.

తరవాత బొమ్మల పోటీ. ఆడపిల్లలు గౌన్లు గీయాలి. తీరా చూస్తే వాండా ఒక్కతే వంద బొమ్మలు గీసి పంపింది, ఒకదానికొకటి పోలిక లేదు! బహుమతి ఆమెదే. కాని ఆ రోజు వాండా బడికి రాలేదు. తండ్రి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది: మేము పెద్ద పట్నానికి పోతున్నాము, అక్కడైతే మా పేరు చూసి ఎవరూ నవ్వరు, అని. పెగ్గీ, మాడీ పరుగున ఆ మిట్టకు వెడితే ఖాళీ ఇల్లు. క్షమాపణ చెప్పుకుందామని ఉత్తరం రాయబోయి, ఆ మాట కలం దాటక, ఏవో కుశలప్రశ్నలు రాసి పంపుతారు. క్రిస్మసు ముందు వాండానుంచి టీచరుకు జవాబు వస్తుంది: ఆ బొమ్మలన్నీ పిల్లల్నే ఉంచుకోమను, ఫలానాది పెగ్గీకి, ఫలానాది మాడీకి ఇవ్వండి, అని. ఇంటికి తీసుకుపోయి చూస్తే ఆ బొమ్మల్లో గౌన్లు తొడుక్కున్నది ఎవరో కాదు, పెగ్గీ, మాడీయే. వాళ్ళ మొహాలే గీసింది.

ఇంతే కథ. ఇక తీర్పులు వినండి.

మా అమ్మాయి పుస్తకం మూసి బల్లమీద ఠపీమని పెట్టింది. "అమ్మా, నాకు నచ్చలేదు. అంత ఏడిపించినవాళ్ళకు బొమ్మలెందుకు ఇవ్వాలి? క్షమించకపోతే మంచిపిల్ల కాదా?" అన్నది. వాండా కాస్త కోప్పడి ఉంటే బాగుండేదని దాని బాధ. కథలో ఏడ్చిన పిల్లే మళ్ళీ పెద్దమనసు కూడా చూపించాల్సి రావడం అన్యాయమట. నేను ఏదో చెప్పబోయాను. పదిహేనేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు పాఠం చెప్పే గొంతుతో జవాబు చెప్పడం ఎంత తప్పో గుర్తుకొచ్చి ఊరుకున్నాను.

మావారు బ్యాంకు మనిషి. ఎక్కడ తేడా వచ్చినా బాధ్యత ఎవరిదని అడుగుతారు. "ఆ టీచరేం చేస్తోంది?" అన్నారు. "పిల్లను మూల కూర్చోబెట్టింది ఎవరు? ఉత్తరం వచ్చాక నాలుగు మంచిమాటలు చెప్పింది సరే, అంతకుముందు నెలల తరబడి ఆవిడ కళ్ళెక్కడున్నాయి?" ఆయనకు జవాబు చెప్పడం నాకు ఇబ్బందే అయింది. నేనూ ఉపాధ్యాయురాలినే గదా! మా కాలేజీ ర్యాగింగు నిరోధక సంఘంలో సభ్యురాలిని కూడాను. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టం వచ్చింది. యూజీసీ 2009లో నిబంధనలు పెట్టింది. ఆ ప్రకారం పిల్లలచేతా, తల్లిదండ్రులచేతా హామీపత్రాలు రాయిస్తాము, సంతకాలు చూసుకుంటాము, కట్టగట్టి బీరువాలో పెడతాము. నేను ఇన్నేళ్ళలో విచారించిన ఫిర్యాదుల్లో "మేడమ్, వాళ్ళు నన్ను చూసి నవ్వారు" అన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు. ఆ మాట రాసుకోవడానికి ఏ పిల్లకు చెయ్యి వస్తుంది?

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో చెబుతుంటే వరండాలో గోంగూర వలుస్తూ విన్నారు. వాండా అనే పేరు ఆవిడ నోట నిలవలేదు. "ఆ నోరు తిరగని పేరు నాకెందుకమ్మా, వనజ అనుకుంటాను" అన్నారు. వనజ తల్లి లేని పిల్ల అనగానే వలవడం ఆపేశారు. చివరిదాకా విని, "ఆ పిల్ల క్షమించిందని ఎవరన్నారు?" అన్నారు.

"మరి బొమ్మలిచ్చిందిగా, అత్తయ్యా?"

"ఇస్తే? ఇల్లు ఖాళీచేసి పోయేటప్పుడు పోట్లాడిన పొరుగమ్మకు కూడా బొట్టుపెట్టి రవికెగుడ్డ పెట్టి పోతాం. దానర్థం అన్నీ మరిచిపోయామనా? ఇక నాకూ నీకూ రుణం లేదని."

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఈ పుస్తకం మీద పెద్దచదువులవాళ్ళు రాసిన వ్యాసాలు కొన్ని చదివాను. ఇంత మాట ఎక్కడా కనిపించలేదు. మా అమ్మాయికి మాత్రం నాయనమ్మ తీర్పు బ్రహ్మాండంగా నచ్చింది. వాండా మర్యాదగా ఇచ్చిన చెంపదెబ్బే ఆ బొమ్మలు అని ఇద్దరూ ఒక పార్టీ అయిపోయారు. నాకు అంతగా మనసొప్పలేదు. చెంపదెబ్బ కొట్టదలచిన పిల్ల మొహాలు అంత ముచ్చటగా గీస్తుందా? ఆ బొమ్మలు గీసింది ఆట సాగుతున్న రోజుల్లోనే సుమండీ! రోజూ పొద్దున తనను నలుగురిలో నిలబెట్టి నవ్వినవాళ్ళను, సాయంత్రం ఇంటికి పోయి అందమైన గౌన్లలో గీసుకున్నది. ఆ పిల్లకు కావలసింది గౌన్లు కాదు, వాళ్ళు. నాకు అట్లా తోస్తుంది.

ఇంతకీ ఈ కథ రాసినావిడ మాట చెప్పలేదు. ఎలినార్ ఎస్టెస్. 1906లో కనెక్టికట్ రాష్ట్రంలో వెస్ట్ హేవెన్ అనే ఊళ్ళో పుట్టింది. పిల్లల గ్రంథాలయాల్లో పనిచేసింది. ఈ పుస్తకం 1944లో వచ్చింది, మరుసటి ఏడాది న్యూబరీ గౌరవం పొందింది. 1952లో వేరే పుస్తకానికి న్యూబరీ పతకమే వచ్చింది. 1988లో పోయింది. ఆమె కుమార్తె తరవాతి ముద్రణకు రాసిన ముందుమాటలో ఒక సంగతి చెప్పింది. ఎస్టెస్ చిన్నప్పుడు నిజంగానే అట్లాంటి పిల్ల ఒకతె క్లాసులో ఉండేదట. పరాయి పేరు, రోజూ ఒకే గౌను. చదువు మధ్యలో కుటుంబం న్యూయార్కు వెళ్ళిపోయింది. క్షమించమని అడిగే అవకాశం ఎస్టెస్‌కు మళ్ళీ రాలేదు. అందుకే, చాలా ఏళ్ళకు, ఈ కథ రాసింది. అంటే వాండా జవాబు, ఆ బొమ్మలు, ఆ మొహాలు, అవన్నీ రచయిత్రి కల్పించుకున్నవే. అసలు పిల్ల ఏ జవాబూ రాయలేదు. ముందుమాట మూసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎందుకో అప్పుడు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సెలవులైపోయినాయి. ఆగస్టు 29 వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఏటా ఆ రోజు మాట్లాడే భారం నాదే. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన మనిషి, జనం మాట్లాడే భాషే పుస్తకాల్లో రాయాలని పోరాడిన మనిషి, సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పాలని సవర నేర్చుకుని పుస్తకాలు రాసిన మనిషి అని ఏకరువు పెడతాను. ఏ జిల్లా మాట ఆ జిల్లాకు ముద్దు, యాసను చూసి నవ్వడం అమ్మను చూసి నవ్వడమే అంటాను. చప్పట్లు కొడతారు. ఈసారీ కొట్టారు.

సభ అయ్యాక రెండో సంవత్సరం క్లాసుకు వెళ్ళి, పాఠం చెప్పే ఓపిక లేక, ఈ వంద గౌన్ల కథ చెప్పాను. మీరేమంటారు అని అడిగాను. మొదటి బెంచీలో కుర్రాడు లేచి పెగ్గీ వకాల్తా పుచ్చుకున్నాడు. జంతువును ఎవరైనా బాధపెడితే ఏడ్చే పిల్ల, చిన్నపిల్లల్ని ఏడిపించేవాళ్ళకు అడ్డుపడే పిల్ల చెడ్డదెట్లా అవుతుందన్నాడు. పుస్తకంలో ఆ మాట నిజంగానే ఉంది. ఇంకొకడు, "మాడీ చేసినదాంట్లో తప్పేముంది మేడమ్? గ్రూపులో ఉండాలంటే కొన్నిటికి నవ్వాలి" అన్నాడు. కొందరు తలలూపారు. ఎప్పుడూ నోరు విప్పని ఆఖరి బెంచీ అమ్మాయి లేచి, "తల్లి లేదు గదా మేడమ్, ఉన్న ఒక్క గౌనూ రాత్రి ఎవరుతికారు? తెల్లారేసరికి ఆరిందా? క్లాసులో అంతమంది ఆ గౌను చూశారు, ఒక్కరైనా అడిగారా?" అన్నది. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ పిల్ల కూర్చోబోతూ, ఇంకేదో తోచినట్టు ఆగి, "మేడమ్, మీ క్లాసులో ఇట్లాంటి అమ్మాయి ఎవరైనా ఉండేదా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఎంత స్పష్టంగా అన్నానో! లకారం లకారంగా పలికింది. గంట కొట్టారు. చాకుముక్క బల్లమీద పెట్టి బయటికి వచ్చాను, చేతులు వణుకుతున్నాయి.

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. నేను ఆరో తరగతిలో ఉండగా నెల్లూరు జిల్లానుంచి కొల్లేటి దగ్గర ఒక ఊరికి వచ్చాము. అప్పుడది కృష్ణా జిల్లాలో ఉండేది. వచ్చిన మొదటి రోజు "నేను ఆడ చదవతా ఉండా" అన్నాను, అంతే, ఏడాదంతా నా పేరు 'ఉండా'. "ఉండావా?" అని తలుపు చాటునుంచి పిలిచేవాళ్ళు. అద్దం ముందు నిలబడి 'ఉన్నాను, ఉన్నాను' అని నేర్చుకున్నాను. మా అమ్మ విని నవ్వితే దానిమీద కూడా కసిరాను.

1992 జూన్‌లో, ఏడో తరగతిలోకి, ఒక కొత్త పిల్ల వచ్చింది. శ్రీకాకుళం అవతలనుంచి. వాళ్ళ అమ్మానాన్నలు చేపల చెరువుల మీద కాపలా పనికి వచ్చారు. గట్టుమీదే తాటాకు పాక. ఆ పిల్ల 'లేదు' అనవలసినచోట 'నేదు' అనేది. 'ఏమిటి'ని 'ఏటి' అనేది, 'తొందరగా'ను 'బేగి' అనేది. ఆ రోజునుంచి నన్ను 'ఉండా' అని ఎవరూ పిలవలేదు. ఆ సుఖం ఎట్లా చెప్పను? పండగలా ఉండేది.

పొద్దున బడి గంట కొట్టేలోపల చింతచెట్టు కింద ఆట. "మీ ఇంట్లో టీవీ ఉందా?" "నేదు." "ఫ్రిజ్జు ఉందా?" "నేదు." "కుర్చీ ఉందా?" "నేదు." ఎవరైనా తమ ఇంటి సంగతి ఆప్యాయంగా అడుగుతున్నారని మొదట్లో ఆ పిల్ల అనుకుందేమో, ఎంతో శ్రద్ధగా ఆలోచించి జవాబు చెప్పేది. ఒకరోజు ప్రశ్నలు అయిపోయి ఆట చప్పబడుతుంటే, నేను ముందుకు వెళ్ళి, "మీ ఇంట్లో ఏనుగుందా?" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నావంక చూసి, "నేదు" అన్నది. ఏనుగు ప్రశ్న నాది. ఆ వారమంతా నాకు క్లాసులో గొప్ప పలుకుబడి.

దసరా సెలవులయ్యాక ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. తల ఊపేది, తల అడ్డంగా తిప్పేది. ఒకసారి పాఠం మధ్యలో "లెక్కలు చేశావా?" అంటే తల అడ్డంగా తిప్పింది. "నోరు లేదా? ఏమిటా పొగరు?" అని బెంచీ ఎక్కించారు. పీరియడంతా నిలబడింది. నేను రెండో బెంచీలో ఉన్నాను. ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. లేచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నేను లెక్కల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

సంక్రాంతి సెలవులకు వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. ఎవరూ పరుగెత్తి ఆ గట్టుమీదికి పోలేదు. క్రిస్మసుకూ ఉగాదికీ మాకు ఉత్తరాలేవీ రాలేదు. మాడీ కనీసం చీటీ రాసి చింపింది.

మర్నాడు క్లాసుకు వెళ్ళి, "నిన్న అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టి ఇదంతా చెప్పాను. చెప్పడం తేలికేమీ కాలేదుగాని, చెప్పగలిగాను. మరి నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా నవ్వింది. పాపం, చెడ్డ పిల్లలు కారు, ఆపుకోలేకపోయారు, వెంటనే సిగ్గుపడ్డారు కూడా. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నలో పదును పోలేదు. ఆఖరి బెంచీ అమ్మాయి ఒక్కతే నవ్వకుండా నావంక చూస్తూ ఉన్నది.

రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోనూ చెప్పాను. మావారు ఈసారి టీచరు మాట ఎత్తలేదు. మా అమ్మాయి కంచంలో అన్నం కెలుకుతూ, "ఏనుగా?" అన్నది, అంతే. వాండా కోప్పడి ఉండాల్సిందన్న పిల్ల గదా, నా మీద కోప్పడుతుందనుకున్నాను. లేచివెళ్ళి చెయ్యి కడుక్కుని, వచ్చి నా పక్కన కూర్చుంది. అది తీర్పో కాదో నాకు తెలియలేదు.

మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, "పేరేమిటమ్మా ఆ పిల్లది?" అని అడిగారు.

చెప్పబోయాను. చింతచెట్టు కనిపిస్తోంది, గోధుమరంగు పరికిణీ కనిపిస్తోంది, రెండు జడల చివర కట్టుకున్న పాత చీర అంచు పేలికలు కూడా కనిపిస్తున్నాయి. పేరు రావటం లేదు. హాజరు పిలిచేటప్పుడు రోజూ విన్న పేరు. లేచి లోపలికి వెళ్ళి, గుడివాడలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలికి ఫోను చేశాను. ఏడో తరగతిలో మన క్లాసులో, శ్రీకాకుళంనుంచి వచ్చిన అమ్మాయి, చెరువుల కాపలావాళ్ళ అమ్మాయి, అంటూ ఆనవాళ్ళు చెప్పాను.

"ఎవరే, నేదా?" అని అటునుంచి పకపకా నవ్వింది. "భలే గుర్తుచేశావే! అసలు పేరా? ఏదో ఉండే ఉంటుంది. ఇప్పుడెందుకే అది?"

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. మా అత్తగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు, పేరుకోసం.